అన్నం మెతుకులో గ్లూకోజ్ గొలుసులు: స్టార్చ్ నిర్మాణం మనకెలా తెలిసింది

(బాపట్లలో విద్యార్థులు, రైతుల ముందు చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం.

సాంబ మసూరి పుట్టిన ఊరిది. 1986లో ఇక్కడి నుంచి విడుదలైన బీపీటీ 5204 బియ్యాన్ని తెలుగువాళ్లు ఎక్కడున్నా వెతుక్కుని మరీ కొంటారు. ఎందుకని అడిగితే "అన్నం బాగుంటుంది" అంటారు. బాగుండటం అంటే ఏమిటి? మెతుకు దేనికది విడిగా ఉండాలి, కానీ బిరుసుగా ఉండకూడదు. పప్పు కలిపితే ముద్ద కావాలి. పొద్దున వండింది మధ్యాహ్నం కూడా తినేలా ఉండాలి. ఇన్ని గుణాలకూ చాలావరకు ఒకే పదార్థం కారణం. పాలిష్ పట్టిన బియ్యంలో తేమ తీసేస్తే మిగిలేదాంట్లో 90 శాతం దాకా స్టార్చే. అంటే మనం రోజూ మాట్లాడే "పిండిపదార్థం".

ఈ స్టార్చ్ అణువు ఎలా ఉంటుంది, అలా ఉంటుందని మనకెలా తెలిసింది? ఈ రెండే ఇవాళ్టి ప్రశ్నలు. రెండోదాని మీదే ఎక్కువసేపు ఉంటాను. ఎందుకంటే ఆ అణువును ముక్కలు కాకుండా మొత్తంగా, కొమ్మకొమ్మనూ గుర్తుపట్టేలా ఇంతవరకు ఎవరూ చూడలేదు. విరగ్గొట్టి, ముక్కల్ని కొలిచి, ఆ కొలతల నుంచి వెనక్కి లెక్క కట్టి తెలుసుకున్నదే ఇదంతా. వరి రకాల వివరాల్లో "అమైలోజ్ ఇంత శాతం" అని ఒక అంకె చూస్తుంటారు కదా, ఆ అంకె అసలు దేన్ని కొలుస్తోందో కూడా చెబుతాను. దాని మీద నాకు గట్టి అభిప్రాయమే ఉంది.

ముందు ఇటుక సంగతి. గ్లూకోజ్‌లో ఆరు కార్బన్లుంటాయి. వాటికి 1 నుంచి 6 దాకా నంబర్లు వేసుకుంటాం. ఒక గ్లూకోజ్‌లోని 1వ కార్బన్, పక్క గ్లూకోజ్‌లోని 4వ కార్బన్‌తో ఆక్సిజన్ ద్వారా ముడిపడుతుంది. అలా వందలు, వేలు ముడిపడితే గొలుసు తయారవుతుంది. మీరు కట్టుకున్న నూలు బట్టలోని సెల్యులోజ్ కూడా ఇదే గ్లూకోజ్, ఇవే నంబర్ల ముడి. తేడా ఒక్కటే, 1వ కార్బన్ దగ్గర బంధం ఏ వైపుకి తిరిగి ఉందన్నది. సెల్యులోజ్‌లో బీటా, స్టార్చ్‌లో ఆల్ఫా. బీటా అయితే గొలుసు తిన్నగా సాగుతుంది, పక్క గొలుసులతో గట్టిగా అతుక్కుని నార అవుతుంది. ఆల్ఫా అయితే ప్రతి ముడి దగ్గరా కొంచెం వంపు వస్తుంది. ఆ వంపు కొనసాగి గొలుసు మెలి తిరుగుతుంది. మన జీర్ణరసాలు స్టార్చ్‌ను కోస్తాయి, సెల్యులోజ్‌ను కోయలేవు. ఈ వంపు ఎంత ఉండొచ్చో, పరమాణువులు ఒకదాన్నొకటి గుద్దుకోకుండా గొలుసు ఏయే రూపాలు తీసుకోగలదో మన దేశంలో వి.ఎస్.ఆర్. రావు, పి.ఆర్. సుందరరాజన్ 1960ల చివర్లో లెక్కలు కట్టారు. జి.ఎన్. రామచంద్రన్ ప్రొటీన్లకు చూపించిన దారినే చక్కెర గొలుసులకు వాడారు.

స్టార్చ్‌లో రెండు రకాల అణువులుంటాయి. ఒకటి అమైలోజ్. ఇది దాదాపు కొమ్మలు లేని పొడవాటి గొలుసు, కొన్ని వందల నుంచి కొన్ని వేల గ్లూకోజ్‌లతో ఉంటుంది. రెండోది అమైలోపెక్టిన్. దీనికి కొమ్మలుంటాయి. కొమ్మ మొదలయ్యే చోట 1వ కార్బన్ వెళ్లి 6వ కార్బన్‌ను పట్టుకుంటుంది. మొత్తం ముడుల్లో ఇలాంటివి 5 శాతం దాకా మాత్రమే. కానీ అణువు సైజు చూడండి. అణుభారం కోటి నుంచి వంద కోట్ల దాకా చెబుతారు. ప్రకృతిలో ఉన్న అతి పెద్ద అణువుల్లో ఇదొకటి.

ఇప్పుడు బల్ల మీద చూడండి. రెండు గాజు గ్లాసులున్నాయి. ఒకదాంట్లో సాంబ మసూరి గంజి, రెండోదాంట్లో అస్సాంలో పండే బోరా బియ్యం గంజి. బోరా వండితే జిగటగా ముద్దకట్టుకుపోతుంది, అక్కడ దాంతో పిఠా అనే పిండివంటలు చేసుకుంటారు. రెండింటినీ బాగా పలచన చేసి చల్లార్చాం. మందుల షాపులో దొరికే టింక్చర్ అయోడిన్ ఒక్కో చుక్క వేస్తున్నాను. మొదటిది నీలం అయింది, దాదాపు నలుపు అనిపించేంత నీలం. రెండోది చూడండి, నీలం రాలేదు. ఎరుపు కలిసిన గోధుమ రంగు వచ్చింది. బోరాలో అమైలోజ్ దాదాపు లేదు, ఉన్నదంతా అమైలోపెక్టినే. వెనక వరుసలో ఉన్నవాళ్లు తర్వాత దగ్గరికొచ్చి చూడండి. మొదటి గ్లాసును ఈ వేడినీళ్ల గిన్నెలో పెడుతున్నాను. నీలం వెళ్లిపోతోంది... పోయింది. అలా బయటపెట్టి ఉంచుదాం.

అయోడిన్‌ను బెర్నార్డ్ కుర్తువా 1811లో సముద్రపు నాచు బూడిదలో కనిపెట్టాడు. మూడేళ్లు తిరక్కుండానే, 1814లో ఇద్దరు ఫ్రెంచ్ రసాయనవేత్తలు స్టార్చ్‌తో అది నీలం రంగిస్తుందని గమనించారు. ఎందుకిస్తుందో తెలియడానికి మాత్రం వందేళ్లకు పైగా పట్టింది. 1940ల్లో అమెరికాలో రండల్, డెక్స్టర్ ఫ్రెంచ్ అనే ఇద్దరు ఎక్స్‌రేలతో చూసి చెప్పారు: అమైలోజ్ గొలుసు చుట్టుకు ఆరు గ్లూకోజ్‌ల చొప్పున మెలి తిరిగి, మధ్యలో ఖాళీ వదులుతుంది. ఆ ఖాళీలో అయోడిన్ వరసగా దూరి కూర్చుంటుంది. వరస పొడుగ్గా ఉంటే నీలం. వేడి చేస్తే మెలిక విడిపోయి అయోడిన్ బయటికొస్తుంది, రంగు పోతుంది.

ఇక్కడ ఒక విషయం గుర్తుపెట్టుకోండి. రంగును నిర్ణయించేది గొలుసు పొడవు. పన్నెండు గ్లూకోజ్‌ల లోపు ముక్కలకు రంగే రాదు. ఇరవై, ముప్ఫై ఉంటే ఎరుపు. నలభై అయిదు దాటితే నీలం. అమైలోపెక్టిన్ అణువు ఎంత పెద్దదైనా దాని కొమ్మలు పొట్టివి కాబట్టి నీలం రాదు. అంటే అయోడిన్‌కు అమైలోజ్, అమైలోపెక్టిన్ అన్న పేర్లు తెలియవు, పొడవు ఒక్కటే తెలుసు. దీనితో పెద్ద పనుంది, తర్వాత చూద్దాం.

ఇప్పుడు చరిత్రలో నాకు చాలా ఇష్టమైన ఘట్టానికి వస్తున్నాను. స్టార్చ్‌ను గంధకామ్లంతో మరిగిస్తే తియ్యటి చక్కెర వస్తుందని 1811లోనే సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో కిర్ఖాఫ్ చూపించాడు. మొలకెత్తిన బార్లీలో ఆ పనే చేసే పదార్థం ఉందని 1833లో పేయెన్, పెర్సో కనిపెట్టారు, డయాస్టేజ్ అని పేరు పెట్టారు. మనిషి వేరుచేసి పట్టుకున్న మొదటి ఎంజైమ్ అది. సరే, గ్లూకోజ్‌తో తయారైందని తెలిసింది. ఎన్ని గ్లూకోజ్‌లు? ఎలా కలిసున్నాయి?

బర్మింగ్‌హామ్‌లో హావర్త్ అనే ఆయన దీనికి ఒక ఉపాయం పట్టాడు. గ్లూకోజ్‌లో ముడి పడకుండా మిగిలిన ప్రతి ఓహెచ్ గుంపుకూ ఒక మిథైల్ (ఒక కార్బన్, మూడు హైడ్రోజన్లున్న చిన్న గుంపు) తగిలిస్తాం. తర్వాత ఆమ్లంతో గొలుసు మొత్తాన్ని విడగొడతాం. గొలుసు మధ్యలో ఉన్న గ్లూకోజ్‌కు రెండు వైపులా ముడులుండేవి కదా, దానికి మూడు మిథైళ్లు తగులుతాయి. చివర ఉన్నదానికి ఒకవైపే ముడి, కాబట్టి నాలుగు తగులుతాయి. కొమ్మ మొదలైన చోట మూడు ముడులు, అక్కడ రెండే తగులుతాయి. ఇప్పుడు నాలుగు మిథైళ్లవి ఎన్నొచ్చాయో కొలిస్తే ఎన్ని చివరలున్నాయో తెలుస్తుంది. ఎంత సూటిగా ఉందో చూడండి. గొలుసును చూడకుండానే దాని కొసల్ని లెక్కపెట్టేశాడు. ప్రతి పాతిక, ముప్ఫై గ్లూకోజ్‌లకు ఒక చివర ఉందని లెక్క తేలింది. అయితే గొలుసు పొడవు పాతికేనా?

అదే కాలంలో జర్మనీలో స్టాడింగర్ లాంటివాళ్లు ద్రావణాల ఆస్మాటిక్ పీడనం, చిక్కదనం కొలిచి, ఇది వేల గ్లూకోజ్‌లున్న మహా అణువు అంటున్నారు. ఒక కొలత పాతిక అంటుంది, ఇంకోటి వేలు అంటుంది. రెండూ జాగ్రత్తగా చేసిన ప్రయోగాలే. రెండూ నిజం కావాలంటే ఒక్కటే దారి, ఒకే అణువుకు చాలా చివరలుండాలి. అంటే కొమ్మలుండాలి. ఆ కొమ్మలు ఎలా అమరాయన్న దాని మీద ఒక్కొక్కరు ఒక్కో బొమ్మ గీశారు. హావర్త్ పొరలు పొరలుగా గీశాడు. స్టాడింగర్ ఒక పొడవాటి గొలుసు గీసి, దానికి వరసగా చిన్న గొలుసులు తగిలించాడు. జెనీవాలో కర్ట్ మేయర్ 1940లో కొమ్మకు కొమ్మ, ఆ కొమ్మకు మళ్లీ కొమ్మ వచ్చేలా గీశాడు. నిజానికి దగ్గరగా వచ్చింది ఆయనే. ఆయన ఇంకో పని కూడా చేశాడు. అంతవరకు అందరూ కలగాపులగంగా కొలుస్తున్న స్టార్చ్‌ను వేడినీళ్లలో నానబెట్టి, బయటికి ఊరి వచ్చే అమైలోజ్‌ను వేరు చేశాడు. తర్వాత రెండేళ్లకే అమెరికాలో షోక్ బ్యూటనాల్ కలిపి అమైలోజ్‌ను మాత్రమే స్ఫటికాలుగా కింద పడేలా చేశాడు. రెండింటినీ విడదీశాకే కొలతలకు అర్థం వచ్చింది.

గ్లాసు చల్లారింది, చూడండి. నీలం తిరిగొచ్చింది. ఇందాకటి కంటే కొంచెం పలచగా ఉంది, వేడికి అయోడిన్ కొంత ఆవిరైపోయింది.

ఇక ఈ రోజుల్లో లాబ్‌లో ఏం చేస్తారో చెబుతాను. బియ్యం పిండిలో ప్రొటీన్, కొవ్వు తీసేసి, స్టార్చ్‌ను డైమిథైల్ సల్ఫాక్సైడ్ అనే ద్రవంలో, కొద్దిగా లిథియం బ్రోమైడ్ కలిపి కరిగిస్తారు. నీళ్లలో సరిగా కరగదు, కరిగినా మళ్లీ ముద్దలు కడుతుంది. ఈ కరిగించడం దగ్గరే సగం పని పాడవుతుంది, అందుకే చెబుతున్నాను. అణువు అంత పెద్దది కాబట్టి గట్టిగా కలిపినా, సన్నటి గొట్టంలోంచి వేగంగా తోసినా తెగిపోతుంది. అలా తెగినవాటిని కొలిచి "అమైలోపెక్టిన్ సైజు ఇంత" అని రాసేస్తే అది గొట్టం చేసిన సైజే అవుతుంది. తర్వాత ఐసోఅమైలేజ్ అనే ఎంజైమ్ వేస్తారు. అది 1-6 ముడుల్నే కోస్తుంది, 1-4 ముడుల జోలికి పోదు. కొమ్మలన్నీ విడిపోయి నిటారు గొలుసులు మిగులుతాయి. ప్రతి గొలుసు చివరా వెలుగునిచ్చే రంగు అణువు ఒకటి తగిలించి, వెంట్రుక లావు గాజు గొట్టంలో కరెంటు పెట్టి పరిగెత్తిస్తారు. పొట్టివి ముందొస్తాయి, పొడుగువి వెనకొస్తాయి. లేజర్ ఒక్కొక్కటిగా లెక్కపెడుతుంది. ఆరు గ్లూకోజ్‌లవి ఇన్ని, ఏడువి ఇన్ని, ఎనిమిదివి ఇన్ని అని ఎనభై, తొంభై దాకా ఒక్కో గ్లూకోజ్ తేడాతో విడివిడిగా కనిపిస్తాయి. వరి స్టార్చ్‌లో పన్నెండు దగ్గర పెద్ద శిఖరం వస్తుంది.

జపాన్‌లో హిజుకురి 1986లో ఇలాంటి కొలతలే ఇంకో పద్ధతిలో చేసి, గొలుసుల పొడవులు ఎలా పడితే అలా లేవని, గుంపులుగా ఉన్నాయని చూపించాడు. పన్నెండు నుంచి పదహారు దగ్గర ఒక గుంపు, ఇరవై పైన ఒకటి, నలభై అయిదు దగ్గర ఒకటి, డెబ్భై దగ్గర ఒకటి. గుంపుకీ గుంపుకీ మధ్య, ముఖ్యంగా పొడుగు గొలుసుల్లో, దాదాపు పాతిక గ్లూకోజ్‌ల తేడా. దాన్నుంచి ఆయన ఇలా ఆలోచించాడు: కొమ్మలు అణువంతా సమంగా పరుచుకుని లేవు, గుత్తులుగా ఉన్నాయి. పొట్టి గొలుసులు ఒక గుత్తిలోనే ముగుస్తాయి. నలభై అయిదు పొడవున్నది రెండు గుత్తుల్ని కలుపుతుంది. డెబ్భై పొడవున్నది మూడింటిని. అంటే ఒక గుత్తి నుంచి ఇంకో గుత్తికి దూరం సుమారు పాతిక, ఇరవై ఏడు గ్లూకోజ్‌లు. ఈ గుత్తుల ఆలోచన నికుని, ఇందాకటి డెక్స్టర్ ఫ్రెంచ్, రోబాన్ అంతకు ముందే చెప్పారు. హిజుకురి దానికి అంకెలు పెట్టాడు.

ఈ అంకెను కాసేపు పక్కన పెట్టి, పూర్తిగా వేరే దారిలో వచ్చినవాళ్ల సంగతి చూద్దాం. స్టార్చ్‌ను కరిగించకుండా, కోయకుండా, రేణువు రేణువుగానే పరీక్షించినవాళ్లు వీళ్లు. వరి స్టార్చ్ రేణువు మిల్లీమీటరులో వెయ్యో వంతుకు, అంటే మైక్రాన్‌కు, నాలుగైదు రెట్లుంటుంది, మూలలు మూలలుగా ఉంటుంది. బంగాళాదుంప రేణువు వంద మైక్రాన్ల దాకా పెరుగుతుంది. రెండు పోలరాయిడ్ పలకల మధ్య మైక్రోస్కోపులో చూస్తే ప్రతి రేణువు మీదా ఒక నల్లటి శిలువ కనిపిస్తుంది. లోపల అణువులు మధ్య నుంచి అంచుకు ఒక క్రమంలో నిలబడి ఉన్నాయనడానికి అది గుర్తు. నీళ్లలో వేడి చేస్తూ చూస్తే అరవై, డెబ్భై డిగ్రీల దగ్గర రేణువు ఉబ్బుతుంది, శిలువ మాయమవుతుంది. మీ ఇంట్లో గంజి చిక్కబడే క్షణం అదే.

క్రమం ఉంటే ఎక్స్‌రేలు చెబుతాయి. 1930లో కాట్జ్ అనే ఆయన ధాన్యాల స్టార్చ్ ఒక రకం గుర్తులిస్తుందని, దుంపల స్టార్చ్ ఇంకో రకం ఇస్తుందని చూపించాడు. ధాన్యాలవి 'ఏ' (A) రకం, దుంపలవి 'బీ' (B) రకం. ఆ గుర్తుల నుంచి అణువుల అమరికను పూర్తిగా రాబట్టడానికి 1988 దాకా పట్టింది. ఫ్రాన్స్‌లో అన్ ఇంబెర్తీ, సెర్జ్ పెరెజ్, వాళ్ల సహచరులు ఆ పని చేశారు. రెండు గొలుసులు ఒకదాని చుట్టూ ఒకటి, రెండు పేటలు పురి వేసిన తాడులా, ఎడమవైపు మెలికతో చుట్టుకుని ఉంటాయి. ఒక్కో గొలుసు ఒక చుట్టు తిరగడానికి ఆరు గ్లూకోజ్‌లు, 2.1 నానోమీటర్లు (నానోమీటరంటే మైక్రాన్‌లో వెయ్యో వంతు). 'ఏ' రకంలో ఈ జంటలు దగ్గరదగ్గరగా కూర్చుంటాయి, నీరు తక్కువ. 'బీ' రకంలో ఆరు జంటల మధ్య ఒక ఖాళీ ఉంటుంది, అది నిండా నీళ్లే. జంట కట్టాలంటే గొలుసుకు కనీసం పది గ్లూకోజ్‌లుండాలని గిడ్లీ, బల్పిన్ 1987లో ప్రయోగంతో తేల్చారు. పన్నెండు దగ్గర శిఖరం ఎందుకొచ్చిందో ఇప్పుడు అర్థమవుతోంది కదా? జంట కట్టడానికి సరిపడా పొడవు అది.

ఆ జంటలు కూడిన చోటు స్ఫటికంలా గట్టిగా ఉంటుంది. కొమ్మలు మొదలయ్యే ముడులున్న చోటు వదులుగా ఉంటుంది. గట్టి పొర, వదులు పొర, మళ్లీ గట్టి పొర. ఈ జత ఎంత దూరానికి తిరిగొస్తుందో కొలవడానికి ఎక్స్‌రేలను అతి చిన్న కోణంలో చెదరగొట్టి చూస్తారు. 1993లో కేంబ్రిడ్జిలో జెంకిన్స్, కామెరాన్, డొనాల్డ్ వరి, గోధుమ, మొక్కజొన్న, బంగాళాదుంప ఇలా చాలా రకాల స్టార్చ్‌ను కొలిచారు. మొక్క ఏదైనా దూరం మాత్రం సుమారు 9 నానోమీటర్లే.

ఇప్పుడు పక్కన పెట్టిన అంకెను తీద్దాం. హిజుకురి గొలుసుల్ని తెగ్గొట్టి, గుత్తికీ గుత్తికీ దూరం పాతిక, ఇరవై ఏడు గ్లూకోజ్‌లన్నాడు. జంట మెలికలో ఆరు గ్లూకోజ్‌లకు 2.1 నానోమీటర్లు, అంటే ఒక్కోదానికి 0.35. ఇరవై ఏడుతో హెచ్చించండి. చెప్పండి... అవును, 9.45. ఒకాయన ఎంజైములతో అణువును ముక్కలు చేసి లెక్కపెట్టాడు. వీళ్లు రేణువును ముట్టుకోకుండా ఎక్స్‌రేలు చెదరగొట్టారు. ఇద్దరూ ఒకే అంకె దగ్గర కలిశారు. నేను విద్యార్థులకు ఈ లెక్క చెప్పినప్పుడల్లా బోర్డు మీద వాళ్లచేతనే చేయిస్తాను. ఈ అణువును నమ్మడానికి ఇంతకన్నా మంచి కారణం నాకు తెలియదు.

మొక్క ఈ క్రమాన్ని ఎలా కడుతుందన్నది ఇంకో పెద్ద కథ, త్వరగా చెబుతాను. గ్లూకోజ్‌కు ఏడీపీ అనే చిన్న అణువు తగిలించిన రూపంలో మొక్క దాన్ని గొలుసుకు చేరుస్తుందని అర్జెంటీనాలో లెలోయిర్ బృందం 1960ల మొదట్లో కనిపెట్టింది. ఆయనకు 1970లో నోబెల్ వచ్చింది. గొలుసు పెంచే ఎంజైములు కొన్ని, కొమ్మలు వేసేవి కొన్ని. వింత ఏమిటంటే, కొమ్మలు కోసేవి కూడా కావాలి. తీపి మొక్కజొన్నలో అలాంటి కోసే ఎంజైమ్ ఒకటి పనిచేయదు. అప్పుడు కొమ్మలు అడ్డదిడ్డంగా మిగిలిపోతాయి, గొలుసులు జంట కట్టలేవు, స్ఫటికం ఏర్పడదు. స్టార్చ్ బదులు నీళ్లలో కరిగే పదార్థం తయారవుతుంది. తప్పు చోట పడిన కొమ్మల్ని తీసేస్తేనే మిగతావి వరసలో నిలబడతాయి.

కొమ్మలు వేసే ఎంజైమ్ పోతే ఏమవుతుందో మీ అందరికీ తెలుసు, తెలుసని మీకు తెలియదు అంతే. పదో తరగతిలో మెండెల్ బఠాణీలు చదివారు. గుండ్రటి గింజ, ముడతల గింజ. ఆ ముడత ఎందుకొచ్చిందో 1990లో ఇంగ్లండ్‌లోని జాన్ ఇన్నెస్ సంస్థ పరిశోధకులు చూపించారు. మదన్ భట్టాచార్య, ఆలిసన్ స్మిత్, కాథీ మార్టిన్, వాళ్ల సహచరులు. స్టార్చ్‌కు కొమ్మలు వేసే ఎంజైమ్ జన్యువులో సుమారు 800 అక్షరాల డీఎన్ఏ ముక్క ఒకటి దూరి దాన్ని పాడుచేసింది. కొమ్మలు తగ్గాయి, స్టార్చ్ తగ్గింది, చక్కెర పేరుకుంది. చక్కెర నీటిని లాక్కుంది, గింజ ఉబ్బింది. ఎండినప్పుడు ఆ నీరు పోయి తొక్క ముడత పడింది. మెండెల్ లెక్కపెట్టింది 1-6 ముడి ఫలితాన్నే.

ఇక మొదట్లో చెప్పిన అమైలోజ్ అంకె. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థలో జూలియానో 1971లో ఒక సులువైన పద్ధతి ఇచ్చారు. బియ్యం పిండిని క్షారంలో కరిగించి, అయోడిన్ కలిపి, 620 నానోమీటర్ల దగ్గర నీలం ఎంత గాఢంగా ఉందో కొలవడం. 20 లోపు తక్కువ, 20 నుంచి 25 మధ్యస్థం, 25 దాటితే ఎక్కువ అన్న వర్గాలు మన దగ్గరా వాడతాం. సాంబ మసూరి మధ్యస్థంలో వస్తుంది. ఈ పద్ధతి లేకపోతే వేల రకాల్ని వడపోయడం ఎవరివల్లా అయ్యేది కాదు, దాని విలువ నేను తక్కువ చేయను. కానీ ఇందాక చెప్పాను, అయోడిన్‌కు పొడవు మాత్రమే తెలుసని.

మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ సీఎఫ్‌టీఆర్‌ఐలో కె.ఆర్. భట్టాచార్య బృందానికి 1970ల్లోనే ఒక చిక్కు ఎదురైంది. అమైలోజ్ అంకె ఒకటే ఉన్న రకాలు వండితే ఒకటి మెత్తగా, ఒకటి బిరుసుగా వస్తున్నాయి. వేడినీళ్లలోకి ఊరి రాకుండా పిండిలోనే ఉండిపోయే "కరగని అమైలోజ్" ఎక్కువున్నవి బిరుసుగా ఉంటున్నాయని వాళ్లు 1972లో రాశారు. మరి ఆ కరగనిది ఏమిటి? 1987లో తకెడా, హిజుకురి, జూలియానో కలిసి కొన్ని వరి రకాల అమైలోపెక్టిన్‌లో అసాధారణంగా పొడవైన కొమ్మలున్నాయని, అవి కూడా అయోడిన్‌తో నీలం ఇస్తాయని చూపించారు. పరీక్షలో 25 దాటి కనిపించిన రకాల్లో నిజమైన అమైలోజ్ 20 లోపే ఉంది. మిగతాది పొడుగు కొమ్మల నీలం. 1993లో మైసూరు నుంచి రాధికా రెడ్డి, జకియుద్దీన్ అలీ, భట్టాచార్య అన్నం బిరుసుతనాన్ని ఆ పొడుగు కొమ్మలతోనే ముడిపెట్టారు. ఇరవై ఏళ్లు ఒకే ప్రశ్నను వదలకుండా పట్టుకున్న పని అది. మన పాఠ్యపుస్తకాల్లో దానికి చోటు లేకపోవడం నాకు బాధగా ఉంటుంది. కాబట్టి రైతు సోదరులకైనా, విద్యార్థులకైనా నేను చెప్పేది, అమైలోజ్ అంకె ఒక్కదాన్నే చూసి అన్నం ఎలా ఉంటుందో తేల్చేయకండి. కొత్త రకం విడుదల చేసేటప్పుడు గొలుసుల పొడవుల పట్టిక కూడా ఇవ్వాలని నేను కోరుకుంటున్నాను.

ఇంకా తేలని సంగతి ఒకటుంది. ఐసోఅమైలేజ్ వేసి కొమ్మలు విడగొట్టాక ఏ పొడవువి ఎన్నో తెలుస్తుంది కానీ, ఏ కొమ్మ దేని మీద, ఎక్కడ ఉండేదో ఆ కోతతోనే పోతుంది. డీఎన్ఏ అయితే అచ్చు చూసి రాసినట్టు ప్రతి అణువూ ఒకటే. అమైలోపెక్టిన్ అణువులు ఏ రెండూ సరిగ్గా ఒకేలా ఉండవు. అందువల్ల ఇక్కడ నిర్మాణం అంటే సగటు, పంపిణీ. అది అర్థం చేసుకోవడానికి రసాయనశాస్త్రంతో పాటు గణితం కూడా రావాలి. మీలో లెక్కలు బాగా వచ్చినవాళ్లు ఇటువైపు రండి.

ఇక ప్రశ్నలడగండి.

ఒక విద్యార్థిని: మేడమ్, ఫ్రిజ్‌లో పెట్టిన అన్నం ఎందుకు గట్టిపడుతుంది? వేడి చేస్తే మళ్లీ మెత్తబడుతుంది కదా?

ఉడికినప్పుడు జంటలన్నీ విడిపోయాయమ్మా. చల్లారాక అవి మళ్లీ జంట కట్టడం మొదలుపెడతాయి. అమైలోజ్ కొన్ని గంటల్లోనే కట్టేస్తుంది. అమైలోపెక్టిన్ కొమ్మలు పొట్టివి కాబట్టి రోజులు తీసుకుంటాయి. ఫ్రిజ్‌లో ఉండే నాలుగు డిగ్రీల చలి వాటికి బాగా అనుకూలం, అందుకే బయటకన్నా ఫ్రిజ్‌లోనే త్వరగా బిరుసెక్కుతుంది. మళ్లీ వేడి చేసినప్పుడు ఏం జరుగుతుందో డీఎస్‌సీ అనే యంత్రంలో కొలుస్తారు. శాంపిల్‌ను మెల్లగా వేడి చేస్తూ ఎక్కడ ఎంత వేడి పీల్చుకుంటుందో చూస్తారు. అమైలోపెక్టిన్ జంటలు యాభై, అరవై డిగ్రీల దగ్గరే విడిపోతాయి. అందుకే ఆవిరి పడితే అన్నం మెత్తబడుతుంది.

ఒక రైతు: పాత బియ్యం అన్నం పొడిగా, ఎక్కువగా అవుతుంది. స్టార్చ్ మారిపోతుందా అమ్మా?

స్టార్చ్ పరిమాణం దాదాపు మారదండీ. నిల్వలో ఎక్కువగా మారేది దాని పక్కనున్న ప్రొటీన్, కొవ్వు. ప్రొటీన్ అణువుల మధ్య కొత్త బంధాలు పడతాయి, కొవ్వు విడిపోయి ఆమ్లాలవుతాయి. రేణువు చుట్టూ ఉన్నది బిగుసుకుంటుంది కాబట్టి ఉడికేటప్పుడు మెతుకు చిట్లకుండా నీళ్లు పీల్చుకుని సాగుతుంది, గంజిలోకి తక్కువ దిగుతుంది.

అదే రైతు: మా ఇంట్లో షుగర్ ఉన్నవాళ్లున్నారు. చద్దన్నం మంచిదంటున్నారు. వేడి చేస్తే ఆ గుణం పోతుందా?

కొంత నిజం ఉందండీ. రాత్రంతా ఉన్న అన్నంలో అమైలోజ్ కట్టిన జంటలు చిన్నపేగులో త్వరగా అరగవు. దాన్ని అరగని స్టార్చ్ అంటారు. వేడి చేస్తే పోయేవి అమైలోపెక్టిన్ జంటలు. అమైలోజ్ జంటలు విడిపోవాలంటే నూట ఇరవై డిగ్రీలు దాటాలి, మామూలు గిన్నెలో అంత వేడి రాదు. కాబట్టి వేడి చేసుకున్నా ఆ భాగం పోదు. అయితే అన్నం మొత్తంలో అది కొద్ది శాతమే. ఇంప్రూవ్డ్ సాంబ మసూరి, తెలంగాణ సోనా లాంటి రకాలకు గ్లైసెమిక్ ఇండెక్స్ (తిన్నది రక్తంలో చక్కెరను ఎంత త్వరగా పెంచుతుందో చెప్పే అంకె) 50 పైచిలుకు అని పరీక్షల్లో వచ్చింది, వాటి వల్ల తేడా ఇంకొంచెం ఎక్కువే ఉంటుంది. ఏది తిన్నా పళ్లెంలో ఎంత పెట్టుకున్నారన్నదే ముందు లెక్కకొస్తుంది. తిన్న రెండు గంటలకు మీ ఇంటి మీటరుతోనే చూడండి, వేడన్నం తిన్న రోజు ఒకసారి, చద్దన్నం తిన్న రోజు ఒకసారి. ఒకే కొలత గ్లాసుతో పెట్టుకోవాలి సుమా.